దీర్ఘకాలపు నొప్పికీ నీరసానికీ ఆస్టియోపతి చేతి చికిత్స: ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ప్రొద్దుటూరు టీచరు

సభ్యులందరికీ నమస్కారం. నేను ప్రొద్దుటూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. 2006లో చికున్‌గున్యా రాయలసీమ అంతటా పాకినప్పుడు మా ఇంట్లోనూ అందరికీ వచ్చింది. మిగిలినవాళ్లు కోలుకున్నారు గానీ నన్ను మాత్రం కీళ్ల నొప్పులు చాలాకాలం పట్టి పీడించి, తగ్గినట్టే తగ్గి, కరోనా తరవాత మరో రూపంలో తిరిగి వచ్చాయి. ఇప్పుడు నొప్పి ఏ ఒక్క కీలుకూ పరిమితం కాదు; మెడ, భుజాలు, నడుము, తొడలు, ఎక్కడ నొక్కినా నొప్పే. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి అసలు నిద్రే పోనట్టు ఉంటుంది. నల్లబల్ల పై వరుసలో రాయడానికి చెయ్యి ఎత్తితే భుజం దగ్గర మొదలైన లాగుడు చెవి వెనకదాకా పాకుతుంది. అందుకని ఈమధ్య బల్ల కింది సగంలోనే రాస్తున్నాను, వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి చూసి రాసుకుంటున్నారు.

కడపలోనూ, తరవాత తిరుపతిలోనూ చూపించుకున్నాను. కీళ్లవాతాన్నీ ఒంట్లోని వాపునూ పట్టిచ్చే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, వాటితోపాటు థైరాయిడ్ పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. కీళ్లవాత నిపుణులు ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పి, నీరసం వదలని జబ్బు) అని తేల్చి, రాత్రిపూట తక్కువ మోతాదులో ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు రాసి, రోజూ నడవమన్నారు. మందు వల్ల నిద్ర కొంత కుదుటపడింది గానీ, కాస్త ఎక్కువ నడిచిన మరునాడు మంచం దిగలేకపోతున్నాను.

ఇంతలో బెంగళూరులో ఉంటున్న మా తమ్ముడు అక్కడ ఆస్టియోపతి పేరుతో నడిచే ఒక క్లినిక్ సంగతి చెప్పాడు. ఫోన్‌లో మాట్లాడితే, వెన్నుపూసలూ తల ఎముకలూ తమ చోటు నుంచి కొద్దిగా జరగడం వల్ల లోపలి ద్రవాల ప్రసరణకు అడ్డుపడి ఈ జబ్బు వచ్చిందనీ, చేతులతో సర్దితే పూర్తిగా నయమవుతుందనీ, మందులు ఒక్కొక్కటే మానేయవచ్చనీ, సిట్టింగులన్నిటికీ డబ్బు ముందే కట్టాలనీ చెప్పారు. మా అత్తగారేమో అంత దూరం ఎందుకు, పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకొమ్మంటున్నారు.

ఆస్టియోపతి నిజంగా ఒక వైద్య పద్ధతేనా? నాలాంటి దీర్ఘవ్యాధికి దానివల్ల ఒరిగేది ఎంత? వెళ్లదలచుకుంటే చికిత్స చేసేవారు నమ్మదగినవారో కాదో ఎలా తెలుసుకోవాలి? ఈ విషయం తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: అనంతపురం ఫిజియోథెరపిస్టు

టీచర్ గారూ, మీ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి కొంచెం వెనక్కి వెళ్లి చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆస్టియోపతి అనే ఒకే పేరు కింద వేరువేరు దేశాల్లో వేరువేరు సంగతులు నడుస్తున్నాయి. ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ (1828–1917) అమెరికాలో వైద్యుడు. పాదరసపు మందులు, నల్లమందు ధారాళంగా వాడే ఆ కాలపు వైద్యం 1864లో మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) చనిపోయిన తన ముగ్గురు పిల్లల్ని కాపాడలేకపోయిందన్న బాధ ఆయన్ని కొత్త దారి వెతికేలా చేసింది. శరీర నిర్మాణం సరిగా ఉంటే శరీరమే తన్ను తాను బాగు చేసుకుంటుందనే ఆలోచనను 1874లో ప్రకటించి, 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో తొలి ఆస్టియోపతి కళాశాల తెరిచాడు. ఆయన వారసులు అమెరికాలో క్రమంగా మందులు, శస్త్రచికిత్సలు అన్నీ నేర్చుకుని పూర్తి స్థాయి వైద్యులయ్యారు. అక్కడ డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) పట్టా ఉన్నవారు ఎండీ పట్టా ఉన్నవారితో సమానంగా వైద్యం చేస్తారు, వారిలో చాలామంది చేతి చికిత్స జోలికే వెళ్లరు. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ ఆస్టియోపతి చేసేవారు వైద్యులు కారు, చేతి చికిత్సలో శిక్షణ పొందినవారు. 1993లో వచ్చిన ప్రత్యేక చట్టం ప్రకారం ఒక మండలిలో నమోదైతే తప్ప ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు.

మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ చూసే ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా-రిగ్పా, హోమియోపతి వీటిలో ఆస్టియోపతి లేదు. మా ఫిజియోథెరపీ వృత్తి 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వస్తుంది. కాబట్టి బోర్డు మీద ఏ పేరున్నా, లోపల ఉన్నవారి మూల చదువు ఏమిటన్నదే మీరు ముందుగా అడగవలసిన ప్రశ్న. ఫిజియోథెరపీ చదివి, ఆపైన ఆస్టియోపతి పద్ధతులు నేర్చుకున్నవారు మన దగ్గర ఉన్నారు. వారాంతపు తరగతులకు వెళ్లి వచ్చి బోర్డు పెట్టినవారు కూడా ఉన్నారు.

ఇక చికిత్స సంగతి. బయటివారికి ఆస్టియోపతి అంటే మెడ విరిచినట్టు తిప్పి టక్కుమనిపించడమే గుర్తొస్తుంది గానీ, అది అందులో ఒక భాగం మాత్రమే. మీలాంటి రోగికి పనికొచ్చేవి మెత్తటి పద్ధతులు. ఒకదాంట్లో మీరు మెడను ఒక పక్కకు తిప్పాలని ప్రయత్నిస్తుంటే చికిత్సకుడు అరచెయ్యి అడ్డుపెట్టి ఐదారు సెకన్లు ఆపుతాడు. మీరు వదులు చేయగానే కండరం కొంచెం సాగనిచ్చి, మెడ అంతకుముందు తిరగని మేరకు మరికాస్త తిప్పుతాడు. ఇంకొకదాంట్లో మీరు వెల్లకిలా పడుకుంటే రెండు చేతులూ వీపు కిందికి పోనిచ్చి, పక్కటెముకలు వెన్నెముకను కలిసే చోట వేళ్ల కొనలు ఆనించి, మీ ఊపిరికి అనుగుణంగా పైకి ఎత్తి వదులుతూ కిందినుంచి భుజాలదాకా వస్తాడు. ఈ రెండింటిలోనూ శబ్దం ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆ టక్కుమనే శబ్దం ఎముక చోటుకు చేరిన శబ్దం కానే కాదు. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినప్పుడు వాయువు బుడగ ఏర్పడుతుంది, ఆ శబ్దం దానిదే. మెటికలు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే శబ్దం.

మీకు ఫోన్‌లో చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచింది, ఎముకలు జరగడం వల్లనే ఈ జబ్బు వచ్చిందనడం. ఫైబ్రోమయాల్జియాలో వెన్నుపూస ఎక్కడికీ జరగదు. నాడీవ్యవస్థ నొప్పి సంకేతాలను పెంచి చూపించే స్థితి అది. మామూలు తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. తల ఎముకల కదలిక అనే సిద్ధాంతం విలియం గార్నర్ సదర్లాండ్ అనే ఆస్టియోపతి వైద్యుడు 1930లలో ప్రచారంలోకి తెచ్చినది. ఒకే మనిషి తలను ఇద్దరు నిపుణులు పట్టి చూసి, తమ వేళ్లకు తెలిసిందని చెప్పిన లయలను పోల్చినప్పుడు అవి ఒకదానికొకటి కలవడం లేదు. కలవని కొలతతో రోగ నిర్ధారణ చేయడం ఎలా కుదురుతుంది?

అయినా చేతి చికిత్స దండగ అనను, రోజూ నేను చేసే పనే అది. నెమ్మదైన స్పర్శ, బిగుసుకున్న కండరం సాగడం, ఊపిరి లోతుగా ఆడడం, వీటివల్ల నొప్పి కొన్ని గంటలో కొన్ని రోజులో తగ్గుతుంది. ఆ తగ్గిన వేళను వ్యాయామానికి వాడుకుంటేనే ఫలితం నిలుస్తుంది; వాడుకోకపోతే తరవాతి సిట్టింగు కోసం ఎదురుచూడడమే మిగులుతుంది. నడుము నొప్పి గురించి బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకం కూడా చేతి చికిత్సను వ్యాయామంతో కలిపి మాత్రమే వాడమంది. ఫైబ్రోమయాల్జియాకు యూరప్ కీళ్లవాత నిపుణుల సంఘం 2016లో సవరించిన సిఫారసుల్లో గట్టిగా సమర్థించినది వ్యాయామం ఒక్కదాన్నే.

వెళ్లదలచుకుంటే మొదటి సిట్టింగుకు ముందు ఒక చిన్న పని చేయండి. గోడకు ఆనుకుని పక్కగా నిలబడి, నొప్పి మొదలయ్యేంతవరకు చెయ్యి ఎత్తి, వేలికొన దగ్గర పెన్సిల్ గీత పెట్టి తేదీ వేయండి. వారానికోసారి అదే వేళకు, అదే గోడ దగ్గర మళ్లీ చూడండి. నాలుగు వారాల్లో గీత పైకి జరగకపోతే, నిద్రలోనూ మార్పు లేకపోతే, ఆ చికిత్స మీకు పనికిరాదని తేల్చుకోవచ్చు. డబ్బంతా ముందే కట్టినవారికి అలా తేల్చుకునే స్వేచ్ఛ ఉండదు. ముందే కట్టమనడం వెనక ఉద్దేశం కూడా అదేనని నా అనుమానం.

పుత్తూరు గురించి ఒక్క మాట. అక్కడి కట్టు విరిగిన ఎముకకు పేరుపొందినది, మీకు విరిగిన ఎముక లేదు. అత్తగారికి ఆ మాటే చెప్పండి.

జవాబు: కడప పాఠకుడు

ఇంత విడమరచి చెప్పవలసిన అవసరం నాకు కనిపించలేదు. 2021లో ఫ్రాన్స్ పరిశోధకులు నడుము నొప్పి ఉన్న 400 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నిజమైన ఆస్టియోపతి చికిత్స, మరో జట్టుకు ఉత్తుత్తి స్పర్శ ఇచ్చి మూడు నెలల తరవాత చూశారు. వంద మార్కుల కొలమానం మీద పనుల్లో ఇబ్బంది నిజమైన చికిత్స పొందినవారికి సగటున 4.7, ఉత్తుత్తిది పొందినవారికి 1.3 తగ్గింది. మూడు మార్కుల పైచిలుకు తేడా రోగికి తెలిసేంతది కాకపోవచ్చునని పరిశోధకులే రాశారు. దీనికోసం బెంగళూరుదాకా వెళ్లడం, ముందే డబ్బు కట్టడం వృథా అని నా అభిప్రాయం.

జవాబు: అనంతపురం ఫిజియోథెరపిస్టు

కడప మిత్రులు చెప్పిన అంకెలు సరైనవే. అయితే అది నడుము నొప్పి మీద జరిగిన పరిశోధన, అందులో ఆస్టియోపతిని విడిగా ఇచ్చి చూశారు. నేను చెప్పినది వ్యాయామానికి దారి వేసే తోడు చికిత్స గురించి. తేడా చిన్నదే అన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటాను; పూర్తిగా నయం చేస్తామనేవారి మాట నమ్మవద్దనడానికి ఆ పరిశోధన ఒక్కటే చాలు.

జవాబు: కర్నూలు విశ్రాంత వైద్యుడు

అమ్మా, నేను ప్రభుత్వ సర్వీసులో ఉండి రిటైరైన ఫిజిషియన్‌ని. చేతి చికిత్స పనిచేస్తుందా లేదా అన్న చర్చ జరిగింది కాబట్టి దాన్ని పక్కన పెడతాను. మన ప్రాంతంలో ఎవరి వెన్ను మీద చెయ్యి వేయకూడదో చెప్పడం ఇప్పుడు అవసరమనిపిస్తోంది, ఎందుకంటే బెంగళూరులోనో హైదరాబాదులోనో క్లినిక్ పెట్టినవారికి మన జిల్లాల సంగతులు తట్టకపోవచ్చు.

మొదటిది ఫ్లోరోసిస్. ఈ జబ్బును మన దేశంలో తొలిసారి 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చుననీ మన ప్రమాణం. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో ఆ గీత దాటిన బోరు నీళ్లు తాగి పెరిగినవారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరికి నడివయసు వచ్చేసరికి వెన్నెముక పక్కనుండే స్నాయువుల్లో సున్నం చేరి, వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. చూసేవారికి అది మామూలు పట్టేయడంలాగే ఉంటుంది, రోగి కూడా వీపు పట్టేసింది, సర్దండి అనే అంటాడు. అటువంటి వెన్నును ఒక్కసారిగా విరిస్తే వెన్నుపాముకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. గుర్తించడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్యనుండే పలుచని పొర అంచులు ముళ్లు మొలిచినట్టుగా తెల్లగా కనిపిస్తే దాదాపు అదే. మీరు ఏ ఊళ్లో, ఏ నీళ్లు తాగి పెరిగారో మిమ్మల్ని చూసిన వైద్యుడికి చెప్పారా?

రెండోది స్టీరాయిడ్లు. పల్లెల్లో ఆర్‌ఎంపీలు కీళ్ల నొప్పులకు ఇచ్చే పొట్లాల్లో ఏముందో రోగికి తెలియదు. మింగిన పూటకే నొప్పి పోతుంది, ఆకలి పుంజుకుంటుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. చికున్‌గున్యా తరవాత అలా ఏళ్ల తరబడి మింగినవారిని నేను చాలామందిని చూశాను. లోపల ఎముకలు గుల్లబారి ఉంటాయి. పక్కటెముకల మీద కొంచెం గట్టిగా ఒత్తినా చిట్లవచ్చు. మీరు అటువంటివి వాడి ఉంటే, ముట్లు ఆగిపోయే వయసు కూడా దగ్గరపడితే, ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్న తరవాతే ఎవరినైనా చెయ్యి వేయనివ్వండి.

మూడోది వెన్నెముక క్షయ. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి, వెన్నులో ఒకేచోట తట్టితే ప్రాణం పోయేంత బాధ ఉంటే ముందు ఎంఆర్‌ఐ తీయాలి. కాళ్లలో పట్టు తగ్గడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరెక్కడం కనిపిస్తే చేతి చికిత్స మాట అటుంచి, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. రుమటాయిడ్ వ్యాధి ఉన్నవారికి మెడ పై రెండు పూసల మధ్య పట్టు సడలి ఉండవచ్చు. మీకు అది లేదని పరీక్షల్లో తేలింది, సంతోషం.

మెడను వేగంగా తిప్పి విరిచే పద్ధతిని మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. మెడ పూసల గుండా మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం రావడం అరుదే గానీ, వైద్యులు నమోదు చేసిన సంగతే. మీ జబ్బుకు ఆ పద్ధతి వల్ల అదనపు లాభం ఏమీ లేనప్పుడు ఆ అరుదైన ప్రమాదాన్ని మాత్రం ఎందుకు నెత్తిన వేసుకోవాలి?

ప్రీగాబాలిన్ గురించి కూడా చెప్పాలి. దాన్ని ఉన్నపళంగా ఆపితే నిద్ర పట్టకపోవడం, చెమటలు, ఆందోళన వస్తాయి. తగ్గించాలంటే రాసిచ్చిన వైద్యుడే మెట్లుమెట్లుగా తగ్గించాలి. మందు రాయడానికి అర్హత లేనివారు మందు మానమని చెప్పడం కూడా అర్హత లేని పనే.

జవాబు: ధర్మవరం నుంచి ఒక రోగి

నేను పట్టుచీరల వ్యాపారంలో ఉన్నాను. కరోనా తరవాత నాకు పట్టుకున్న నీరసం టీచర్ గారు రాసినదానికి చాలా దగ్గరగా ఉంది గనుక రాస్తున్నాను. బ్రిటన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గర కొంతకాలం ఉన్నప్పుడు అక్కడ నమోదైన ఒక ఆస్టియోపతి చికిత్సకురాలి దగ్గరికి వెళ్లాను. ఆమె మొదటి రోజు చెయ్యి వేయనే లేదు; కాగితం ముందు పెట్టుకుని, నేను వారంలో ఏ రోజు ఏం చేశానో, ఆ మరునాడూ మూడోనాడూ ఎలా ఉన్నానో రాయించుకున్నారు. మీ జబ్బును నేను నయం చేయలేను, మీ ఛాతీ బిగుతు తగ్గించగలను, ఊపిరి సులువుగా ఆడితే మీకు మిగిలే ఓపికను ఎలా ఖర్చుపెట్టుకోవాలో కలిసి చూద్దాం అన్నారు. ఆ మాట విన్నాకే నాకు ఆమె మీద గురి కుదిరింది.

ఛాతీ బిగుతు నిజంగానే తగ్గింది. చికిత్స బల్ల మీద పడుకున్నప్పుడు ఆమె టేపు పట్టి, ఊపిరి పీల్చకముందూ పీల్చిన తరవాతా ఛాతీ చుట్టుకొలత చూసేవారు. తేడా మెల్లమెల్లగా పెరగడం నా కళ్లతో చూశాను. నిద్ర బాగుపడింది. నీరసం మాత్రం ఆమె చేతులతో పోలేదు. ఒంట్లో బాగుందని ఒకరోజు ఊరంతా తిరిగితే తరవాత రెండు రోజులు పడకే.

టీచర్ గారూ, నడిచిన మరునాడు మంచం దిగలేకపోతున్నానని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఫైబ్రోమయాల్జియాలో వ్యాయామం మొదట్లో నొప్పి పెంచినా మెల్లగా మేలు చేస్తుందంటారు. కానీ శ్రమ చేసిన మరునాడో, ఆ మరునాడో మొత్తం శరీరం కూలబడిపోవడం మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనే మరో జబ్బుకు ముఖ్య లక్షణం. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. ఆ జబ్బుకు వ్యాయామాన్ని రోజురోజుకూ లెక్కగా పెంచుకుంటూ పోయే పద్ధతిని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 అక్టోబరులో తన మార్గదర్శకం నుంచి తీసేసింది. ఉన్న ఓపికకు లోబడి పనిచేయడమే మార్గమని చెప్పింది. రేమండ్ పెర్రిన్ అనే ఆస్టియోపతి నిపుణుడు ఈ జబ్బుకు లింఫ్ (కణజాలాల నుంచి చేరే పలుచని ద్రవం) ప్రవాహాన్ని చేతులతో కదిలించే ఒక పద్ధతిని ఆ దేశంలోనే రూపొందించాడు, దాన్ని మెచ్చుకునే రోగులు ఉన్నారు గానీ ఆ మార్గదర్శకంలో దాన్ని చికిత్సగా సిఫారసు చేయలేదు. మీకున్నది ఈ రెండింటిలో ఏదో మీ నిపుణుడే తేల్చాలి, ఎందుకంటే రోజూ నడవండి అన్న సలహా ఒకరికి మందు, మరొకరికి దెబ్బ.

ఇంకొక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ప్రొద్దుటూరు నుంచి బెంగళూరుకు బస్సులో రాత్రంతా కూర్చుని వెళ్లి, చికిత్స చేయించుకుని, మళ్లీ రాత్రంతా కూర్చుని వచ్చి, పొద్దున బడికి వెళ్తే, ఆ చికిత్స ఎంత గొప్పదైనా ప్రయాణం దాన్ని మింగేస్తుంది. మా మగ్గాల దగ్గర గుంటలో కాళ్లు పెట్టుకుని రోజంతా కూర్చునే నేతగాళ్లకు నడుము నొప్పి వస్తే దూరం వెళ్లలేక ఊళ్లోనే ఫిజియోథెరపీ చేయించుకుంటారు, అదే వారికి మేలు చేయడం చూస్తున్నాను. దగ్గరగా ఉండి, నాలుగు రోజులకోసారి చూసి, మీ ఓపికను బట్టి మార్చగల మనిషి దూరాన ఉన్న పేరున్న మనిషికంటే మీకు ఎక్కువ ఉపయోగపడతారని నా నమ్మకం.

ప్రశ్న వేసినవారు: ప్రొద్దుటూరు టీచరు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక ఆ క్లినిక్‌కు మళ్లీ ఫోన్ చేసి, చికిత్స చేసేవారి మూల చదువు ఏమిటనీ, సిట్టింగుకు సిట్టింగు డబ్బు కట్టవచ్చా అనీ, మెడ విరవకుండా చేస్తారా అనీ అడిగాను. చదువు గురించి ఒక అంతర్జాతీయ సర్టిఫికెట్ పేరు చెప్పారు గానీ దానికి ముందు ఏం చదివారో చెప్పలేదు. డబ్బు విషయంలో మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామన్నారు. మెడ సంగతికి, మేం అన్నీ చేస్తాం, భయపడవలసింది ఏమీ లేదు అన్నారు. తమ్ముడికి ఈ విషయం చెప్పి, ప్రస్తుతానికి వద్దన్నాను. వాడు కొంచెం నొచ్చుకున్నాడు, అక్క మీద ప్రేమకొద్దీ వెతికాడు కదా.

డాక్టరు గారు అడిగిన ప్రశ్నకు జవాబు: నేను పుట్టి పెరిగింది పులివెందుల వైపు ఒక పల్లెలో, పెళ్లయ్యేవరకు బోరు నీళ్లే తాగాను. మా నాన్నగారు చివరి రోజుల్లో మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేవారు. వయసు వల్ల అనుకున్నాం. ఈ విషయం నేను ఏ వైద్యుడికీ చెప్పలేదు, వారూ అడగలేదు. చికున్‌గున్యా రోజుల్లో ఊళ్లో ఇచ్చిన పొట్లాలు కూడా కొంతకాలం వాడిన మాట నిజం. ఇప్పుడు నేను ముందుగా ఏ పరీక్ష చేయించుకోవాలి? ఈలోగా భుజానికి దగ్గర్లో ఎవరిదగ్గరైనా మెత్తటి చికిత్స మొదలుపెట్టవచ్చా?

జవాబు: కర్నూలు విశ్రాంత వైద్యుడు

అమ్మా, మీరు చెప్పిన రెండు సంగతులూ ముఖ్యమైనవే. కడప ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల విభాగానికి వెళ్లి, పుట్టిన ఊరు, బోరు నీళ్లు, నాన్నగారి మెడ, పొట్లాలు అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ముంజేయి, నడుము, కటి భాగం ఎక్స్‌రేలు తీయమని అడగండి. వాటితోపాటు విటమిన్ డి, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మూత్రపిండాల పనితీరు చూడాలి. మూత్రంలో ఫ్లోరైడు పరీక్ష అక్కడ కుదురుతుందేమో అడిగి చూడండి. పొట్లాలు వాడారు కాబట్టి ఎముకల సాంద్రత పరీక్ష కూడా వాయిదా వేయవద్దు. పుట్టింట్లో ఇప్పటికీ ఆ బోరు నీళ్లే తాగుతున్నవారు ఉంటే ఆ నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించండి.

ఇవన్నీ మామూలుగా వస్తే మీ ఫైబ్రోమయాల్జియా నిర్ధారణ మరింత గట్టిపడుతుంది, చేతి చికిత్సకు అడ్డంకీ తొలగుతుంది. వేరుగా వస్తే చికిత్సే మారుతుంది. శ్రమ చేసిన మరునాడు కూలబడిపోవడం గురించి ధర్మవరం మిత్రులు చెప్పినది కూడా అదే కాగితంలో, తేదీలతో సహా చేర్చి, మీ కీళ్లవాత నిపుణుడికి చూపించండి.

ఎక్స్‌రేలు వచ్చేవరకు వెన్ను, పక్కటెముకలు, మెడ మీద ఎవరినీ ఒత్తనివ్వవద్దు. భుజానికి వేడి కాపడం, మీరే చెయ్యి గోడ మీద పాకిస్తూ నొప్పి మొదలయ్యే చోటుదాకా ఎత్తడం, ఇవి ఇప్పటినుంచే చేసుకోవచ్చు. పూర్తి స్థాయి పునరావాస వైద్యుడి పర్యవేక్షణ కావాలనుకుంటే వేలూరు సీఎంసీలో ఆ విభాగం ఉంది. ప్రమాదంలో నడుము కిందిభాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే తీర్చిదిద్దిన విభాగం అది. అయితే ప్రయాణం గురించి పైన చెప్పిన మాట వేలూరుకూ వర్తిస్తుంది కాబట్టి, ముందు కడపలో ఎక్స్‌రేలు తీయించుకుని, రిపోర్టులు ఇక్కడ రాయండి.